వంటింటికి నాలుగు కొత్త లైన్లు: మా వైరింగ్ డైరీ

డీబీ మూత తీసిన రోజు

హన్మకొండ కుమార్‌పల్లి వైపు 1990ల్లో కట్టిన డాబా ఇల్లు మాది. కట్టినప్పుడు వంటింట్లో కరెంటుతో నడిచేవి మిక్సీ, ఫ్రిజ్, ఒక ట్యూబ్‌లైటు మాత్రమే. ఇప్పుడు అదే గట్టు మీద ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్, ఓటీజీ (కేకులు చేసే చిన్న ఓవెన్), కెటిల్, రైస్ కుక్కర్ చేరాయి. అన్నింటికీ కలిపి ఉన్నది ఒకే పవర్ సాకెట్టు, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఆ బాక్సు ప్లగ్గు తెలుపు పోయి గోధుమ రంగుకు తిరిగింది. దాంతో వంటింటి వైరింగ్ మొత్తం కొత్తగా చేయించాలని ఇంట్లో తీర్మానమైంది. లెక్కలు, సామాను, ప్లాను నా వంతు. కనెక్షన్లు మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే. ఈ విషయంలో ముందే గట్టిగా అనుకున్నాం.

ఎలక్ట్రీషియన్ (మేం తమ్ముడు అనే పిలుస్తాం) వచ్చి మొదట డీబీ, అంటే ఇంటి లైన్లన్నీ బయల్దేరే బోర్డు, మూత తీశాడు. వంటింటి లైనుకు 32 యాంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చు) ఉంది. దాని కింది నుంచి బయల్దేరిన వైరు పాత 3/22 (22 గేజి పోగులు మూడు), అంటే ఇప్పటి వాడుక లెక్కలో సుమారు 1.5 స్క్వేర్ ఎంఎం (చదరపు మి.మీ.) మందం.

"అక్కా, మాటిమాటికి ట్రిప్ అయితున్నదని ఎవలో పెద్దది పెట్టిపోయిన్రు. గిది ఇగ ట్రిప్ కాదు, వైరే కాలుతది" అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే ఈ డైరీ రాయాలనిపించింది. ఎంసీబీ ఉన్నది మన స్టవ్వునో మిక్సీనో కాపాడడానికి కాదు, గోడలో ఉన్న వైరును కాపాడడానికి. 1.5 వైరు పైపులో ఉండి గోడలో నడిస్తే మోయగలిగేది దాదాపు 14 యాంపులు. 32 యాంప్స్ ఎంసీబీ 32 దాటగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా పడదు. ప్రమాణం ప్రకారం రేటింగుకు 1.13 రెట్ల కరెంటు గంటసేపు పారినా అది పడకూడదు. 1.45 రెట్లకు చేరితే గంటలోపు పడాలి. 32కు 1.45 రెట్లంటే 46 యాంపుల పైమాటే. అంటే 14 మోసే వైరులో 30 యాంపులు పొద్దంతా పారినా ఆ ఎంసీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ట్రిప్పింగ్ ఆగిపోయిందని ఇంట్లో వాళ్లు సంతోషిస్తుంటారు, గోడ లోపల వైరు తొడుగు మెల్లగా గట్టిపడి, పగిలి, రాలుతుంటుంది.

వంటింటి గుమ్మం పైన ఉన్న జంక్షన్ బాక్సు కూడా విప్పాం. లోపల రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఉంది. టేపు కరిగి బాక్సుకే అతుక్కుపోయింది. ఇలాంటి వదులు జాయింటులో పదో వంతు ఓం నిరోధం ఉందనుకుందాం. 15 యాంపులు పారితే అక్కడ పుట్టే వేడి 22 వాట్ల పైన. సెల్‌ఫోన్ రిపేరు షాపులో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను టేపు చుట్టి గోడలో పెట్టినట్టే లెక్క. లోడు ఎంత పెరిగితే వేడి అంత పెరుగుతుందనుకుంటే పొరపాటు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది.

ఆ పూట నుంచే ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేశాం. పని అయ్యేదాకా ఒక్కసారికి ఒక్క వస్తువే. 32 తీసి పాత వైరుకు తగ్గట్టు 10 యాంప్స్ ఎంసీబీ వేయించాం. అత్తమ్మకు ఇదేమీ నచ్చలేదు. "వంటింట్ల గింత కరెంటు ఎందుకు బిడ్డా, గ్యాసున్నది గద" అన్నది. సిలిండరు ఎలాగూ ఉంటుందని, సంక్రాంతికి సకినాలు దాని మీదే కాలుస్తామని చెప్పాక కొంచెం నెమ్మదించింది.

లోడు లెక్క

ప్రతి వస్తువునూ తిప్పి వెనకాల రేటింగ్ ప్లేటు చదివాను. ఇండక్షన్ 2000 వాట్లు, ఓటీజీ 1600, కెటిల్ 1500, మిక్సీ 750, రైస్ కుక్కర్ 700, ఫ్రిజ్ 200, చిమ్నీ 200, గ్రైండర్ 150, ఆర్ఓ (నీళ్ల ఫిల్టరు) 50. మైక్రోవేవ్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. తలుపు మీద 800 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది అన్నానికి అందే వేడి. గోడ నుంచి అది లాగేది వెనక ప్లేటు మీద చిన్నక్షరాల్లో ఉంది: 1250. వైరుకు కావలసింది ఈ రెండో అంకె.

అన్నీ కలిపితే 8400 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే 36 యాంపుల పైన. ఈ అంకె చూసి భయపడాల్సిన పని లేదు, ఎందుకంటే అన్నీ ఒకేసారి నడవవు. వస్తువులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏవేవి కలిసి నడుస్తాయన్నదే అసలు లెక్క. అందుకని వంటింటి గోడకు ఒక కాగితం అంటించి, ఏ వేళకు ఏవి ఆన్‌లో ఉంటున్నాయో రాయమని అందరికీ చెప్పాను. అత్తమ్మ కూడా రాసింది.

పొద్దున బడి హడావుడిలో ఇండక్షన్, కెటిల్, మిక్సీ, ఫ్రిజ్, ఆర్ఓ కలిసి 4500 వాట్లు, అంటే 19.6 యాంపులు. ఆదివారం సాయంత్రం పాప కేకు పెట్టినప్పుడు ఇండక్షన్, ఓటీజీ, మైక్రోవేవ్, చిమ్నీ, ఫ్రిజ్ కలిపి 5250 వాట్లు, 22.8 యాంపులు. మా ఇంటికి ఈ రెండు అంకెలే ముఖ్యం. పాత వైరు మోసేది 14. ఆ ప్లగ్గు రంగు ఎందుకు మారిందో ఇక వేరే చెప్పాలా.

పొద్దున లెక్కలో ఇంకోటి కలుస్తుంది. అదే సమయంలో స్నానాల గదిలో 2000 వాట్ల గీజరు నడుస్తుంది. మొత్తం 6500 వాట్లు, 28 యాంపుల పైన. మా మీటరు మీద 5-30 ఆంపియర్లు అని ఉంది, అంటే అది మోయగలిగే గరిష్ఠం 30. ఆ సమయంలో బోరు మోటారు కూడా వేస్తే దాటిపోతుంది. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మనం వాడుకుంటామని ఒప్పుకున్న పరిమితి) చూస్తే 2 కిలోవాట్లే. మీటరుకు ముందున్నది మనం ముట్టుకునేది కాదు, అది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆస్తి. మనకు కరెంటిచ్చే టీజీఎన్‌పీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు పెట్టాం. దాని ప్రధాన కార్యాలయం మన నక్కలగుట్టలోనే ఉంది. మంజూరయ్యే దాకా గీజరు నడిచేటప్పుడు మోటారు వేయకూడదని ఇంట్లో కట్టడి.

సామాను

వరంగల్ చౌరస్తా దగ్గరి షాపులో ఇప్పటికీ 3/20, 7/20 అనే భాషే నడుస్తుంది. 3/20 అంటే 2.5 స్క్వేర్ ఎంఎం, 7/20 అంటే 4 స్క్వేర్ ఎంఎం అని వాడుకలో లెక్క. ఎవరికి ఏది అలవాటైనా, బిల్లు మీద మాత్రం స్క్వేర్ ఎంఎంలో రాయించుకోవాలి.

పవర్ లైన్లకు 2.5 చాలదా అని నేనే అడిగాను. ఇండక్షన్ లాగేది 9 యాంపుల లోపే, 2.5 వైరు పైపులో 18 యాంపుల దాకా మోస్తుంది. కానీ ఆ అంకె ఒక నిర్ణీతమైన వాతావరణ వేడికి లెక్కగట్టినది. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. స్లాబు కింద, పడమటి గోడలో నడిచే పైపు రాత్రి పదింటికి కూడా చల్లబడదు. వేడిలో వైరు మోసే శక్తి తగ్గుతుంది. ఆ తగ్గుదలకు చోటిచ్చి, వేడి పుట్టించే వస్తువుల లైన్లన్నింటికీ 4 స్క్వేర్ ఎంఎం తీసుకున్నాం. ఖర్చు పెరిగింది. అయినా గోడలో దాచేది రెండోసారి తీయలేం, అందుకని వైరు దగ్గర నేను బేరానికి పోలేదు.

లావు వైరుతో ఇంకో లాభం కూడా ఉంది. డీబీ నుంచి గట్టు దాకా మాకు 15 మీటర్లు, రానూపోనూ 30. అందులో 13 యాంపులు పారితే 1 స్క్వేర్ ఎంఎం వైరులో దాదాపు 100 వాట్లు వైరులోనే వేడిగా పోతాయి. 2.5లో 40, 4లో 25. ఆ తేడా అంతా గోడను వేడి చేసే కరెంటే.

కాయిల్ 90 మీటర్లు. తొడుగు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694, సీఎం/ఎల్ లైసెన్సు నంబరు అచ్చు వేసి ఉన్నాయా అని చూశాం. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. తర్వాత తమ్ముడు వైరు కొస వలిచి, రాగి పోగుల్ని విడదీసి, పాత దినపత్రిక మీద పరిచి లెక్కపెట్టమన్నాడు. 4 స్క్వేర్ ఎంఎం మెత్తటి వైరులో 0.3 మి.మీ. పోగులు 56 ఉండాలి. మేం కొన్నదానిలో సరిగ్గా 56 ఉన్నాయి. పక్క షాపులో తక్కువ ధరకు ఇస్తామన్న ముక్కలో పోగులు సన్నగా ఉన్నాయి, లెక్కా తక్కువే. తొడుగు దళసరిగా ఉండడం వల్ల పైకి రెండూ ఒకే లావు కనిపిస్తాయి.

ఎర్తింగ్

ఈ పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే, ఎక్కువ నేర్పిందీ ఇదే.

పాత ఎర్త్ పైపు పెరట్లో తులసి గద్దె వెనకాల ఉంది. మల్టీమీటరుతో ఫేజుకూ (కరెంటు వచ్చే వైరు) ఎర్తుకూ మధ్య చూస్తే 226 వోల్టులు చూపించింది. చూడగానే ఎర్తింగ్ భేషుగ్గా ఉందనిపిస్తుంది. తమ్ముడు నమ్మలేదు. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకించి, ఎవరూ ఏ వస్తువునూ ముట్టవద్దని చెప్పి, 100 వాట్ల పాతకాలం బల్బు ఒకటి ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టాడు. తీగ ఎర్రగా మిణుకుమంది, అంతే. మల్టీమీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. అందుకే ఎర్త్ ఎంత పాడైనా వోల్టేజీ నిండుగా చూపిస్తుంది. బల్బుకు అర యాంపు దగ్గర కావాలి. ఆ మాత్రం కరెంటు కూడా మా ఎర్త్ గుండా పారడం లేదు. ఈ పరీక్ష ఇంట్లో వాళ్లు చేసేది కాదు. ఎర్త్ బాగా లేకపోతే ఆ కాసేపూ ఎర్త్ వైరు తగిలిన ప్రతి లోహం కరెంటు పట్టుకుని ఉంటుంది.

ఎర్త్ నిరోధం 200 ఓంలు ఉందనుకుందాం. ఓటీజీ లోపల ఫేజు వైరు ఊడి రేకు డబ్బాకు తగిలితే భూమిలోకి పారేది ఒక యాంపు పైన కొంచెం. 16 యాంప్స్ ఎంసీబీకి అది ఒక చిన్న బల్బుల వరుసతో సమానం, ఎన్నడూ పడదు. డబ్బా మాత్రం కరెంటుతో నిండి ఉంటుంది. తడిచేత్తో ఎవరైనా ముట్టుకునే దాకా అది ఎవరికీ తెలియదు.

కొత్త గుంత తవ్వించాం. పైన మూడడుగులు ఎర్ర చెల్క మన్ను, ఆ కింద మొరం, ఆ తర్వాత రాయి. హన్మకొండలో ఎక్కడ తవ్వినా చివరికి గుట్ట రాయే తగులుతుంది. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు నిలువునా దిగాలి కాబట్టి గుంతను బావి వైపు, నేల తడిగా ఉండే చోటుకు జరిపాం. అక్కడ దిగింది. పాత పద్ధతిలో బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. ఉప్పు నిరోధం తగ్గిస్తుంది కానీ కొన్నేళ్లకు పైపును తినేస్తుంది. మేం బెంటోనైట్ మట్టి (తేమ పట్టి ఉంచే బంకమన్ను) కలిపి నింపించాం. పైన సిమెంటు చాంబరు, మూత, ఎండాకాలంలో నీళ్లు పోయడానికి గరాటు.

మట్టి కూర్చున్నాక ఎర్త్ టెస్టరు తెప్పించి కొలిపించాం. 4.2 ఓంలు. బల్బు నిండుగా వెలిగింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

అయినా లెక్క అక్కడితో ఆగదు. 230ని 4.2తో భాగిస్తే 55 యాంపులు. సీ-కర్వ్ (క్షణకాలం ఎక్కువ కరెంటును ఓర్చుకునే రకం) 16 యాంప్స్ ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 80, ఒక్కోసారి 160 యాంపుల దాకా కావాలి. పైగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం కూడా కలుస్తుంది కాబట్టి నిజంగా పారేది 55 కంటే తక్కువే. ఇంత మంచి ఎర్తింగ్ ఉన్నా, ఎంసీబీ ఒక్కదాన్ని నమ్ముకుంటే అది వెంటనే పడుతుందన్న భరోసా లేదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను తెంచే స్విచ్చు) తప్పనిసరి అయ్యేది ఇక్కడే. ఫేజులో పోయిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ యాంపుల తేడా వస్తే చాలు, సెకనులో మూడో వంతు లోపు లైను తెగుతుంది. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానడానికి లేదు.

గోడలు

గాడులు నిలువుగా, అడ్డంగానే కొట్టించాం, ఏటవాలుగా ఎక్కడా లేదు. రేపు ఎవరైనా మేకు కొట్టాలంటే సాకెట్టుకు నేరుగా పైనా కిందా వైరు ఉంటుందని ఊహించగలగాలి. 25 మి.మీ. పైపులు, లైనుకొకటి. సాకెట్లు గట్టు మీద నుంచి అడుగు ఎత్తులో, స్టవ్వుకూ సింకుకూ దూరంగా. సిలిండరు పెట్టే గూట్లో పాత ప్లగ్ పాయింటు ఒకటి ఉంటే మూయించాం. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకయితే నేల మట్టానే పేరుకుంటుంది. అక్కడ స్విచ్చు నిప్పురవ్వ ఉండకూడదు.

సిమెంటు పూసే ముందు ప్రతి గాడి పక్కన టేపు పట్టి ఫోటోలు తీసి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాను.

దుమ్ముకు అత్తమ్మ రెండు పూటలు చెల్లె ఇంటికి పోయింది.

లైన్ల పంపకం

వంటింటి బయట నడవలో చిన్న డీబీ పెట్టించాం. మెయిన్ నుంచి దానికి 10 స్క్వేర్ ఎంఎం వైరు, మెయిన్ దగ్గర 32 యాంప్స్ డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెంటినీ తెంచే) ఎంసీబీ. ఆ వైరు 40 యాంపుల దాకా మోయగలదు, దాని ముందున్న ఎంసీబీ అంతకంటే చిన్నది. ఎప్పుడైనా ఇలాగే ఉండాలి. మా పాత బోర్డులో ఇదే తలకిందులుగా ఉండేది.

ఇండక్షన్‌కు ఒక లైను, దానికి ఒకే సాకెట్టు. ఓటీజీకీ మైక్రోవేవ్‌కూ కలిపి ఒక లైను, రెండూ నడిస్తే 2850 వాట్లు, 12.4 యాంపులు. గట్టు మీద కెటిల్, కుక్కర్, మిక్సీల కోసం ఒక లైను. ఈ మూడింటికీ 4 స్క్వేర్ ఎంఎం వైరు, 16 యాంప్స్ ఎంసీబీ, 16 యాంప్స్ సాకెట్లు. ఒక పవర్ లైను మీద రెండు సాకెట్లకు మించి వద్దన్నది పాటించాల్సిన నియమం. గట్టు లైనుకు మూడో సాకెట్టు పెట్టమని ఇంట్లో ఎంత అడిగినా నేను ఒప్పుకోలేదు. రెండే సాకెట్లుంటే ఒకేసారి రెండే నడుస్తాయి. నడవడికతో అయ్యే పని కన్నా సాకెట్ల లెక్కతో అయ్యే పని గట్టిది.

నాలుగోది ఫ్రిజ్, ఆర్ఓ, చిమ్నీలకు. అన్నీ కలిపినా రెండు యాంపుల లోపే. 2.5 వైరు, 6 యాంప్స్ సాకెట్లు, 6 యాంప్స్ సీ-కర్వ్ ఎంసీబీ. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఎక్కువ లాగుతుంది, సీ-కర్వ్ దాన్ని ఓర్చుకుంటుంది.

ఆర్‌సీసీబీలు రెండు తీసుకున్నాం. వేడి వస్తువుల మూడు లైన్లకు ఒకటి, ఫ్రిజ్ లైనుకు వేరేది. మేం ఊరెళ్లినప్పుడు కెటిల్ పాడై లైను పడితే ఫ్రిజ్‌లోని పాలు, పిండి చెడిపోకూడదు కదా. వేడి లైన్లది టైప్ ఏ. ఇండక్షన్, మైక్రోవేవ్ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో లీకయ్యే కరెంటు ఒక్కోసారి సగం అల రూపంలో ఉంటుంది. మామూలు టైప్ ఏసీ దాన్ని గుర్తించలేకపోవచ్చు. షాపులో అడగకపోతే ఏసీ రకమే ఇస్తారు, అడిగి తీసుకోవాలి.

6 యాంప్స్ ప్లగ్గును 16 సాకెట్టుకు తగిలించే కన్వర్టర్లు ఇంట్లో ఉన్నవన్నీ తీసేశాను. 6 యాంపులంటే 1380 వాట్లు. అంతకు మించి లాగే వస్తువు సన్న పిన్నుల ప్లగ్గుతో వస్తే ప్లగ్గు మార్పించాలి.

ట్యూబ్‌లైటు వేస్తే ఫ్రిజ్ లైను పడింది

వైర్లు లాగి, ప్రతి కొసకూ లగ్గు (లోహపు తొడుగు) నొక్కి, స్క్రూలు బిగించి కరెంటు ఇచ్చాం. అన్నీ నిలబడ్డాయి. సాయంత్రం వంటింటి ట్యూబ్‌లైటు వేయగానే ఫ్రిజ్ లైను ఆర్‌సీసీబీ టప్పున పడింది. ట్యూబ్‌లైటు పాత లైట్ల లైనులో ఉంది, దానికీ ఫ్రిజ్ లైనుకూ సంబంధమే లేదు. లైటు ఆపితే నిలబడుతుంది, వేస్తే పడుతుంది.

తమ్ముడు మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూసుకుని, ఫ్రిజ్ సాకెట్టూ లైటు స్విచ్చూ ఉన్న బాక్సు విప్పాడు. "చూసినవా అక్కా, న్యూట్రల్ దొంగతనం" అన్నాడు. వెనకాల మూలన, పాత ప్లాస్టర్ కింద, లైటు న్యూట్రల్‌నూ సాకెట్టు న్యూట్రల్‌నూ కలిపే బెత్తెడు నల్ల వైరు ఒకటి ఎప్పటి నుంచో ఉంది. లైటుకు ఫేజు పాత లైను నుంచి వస్తుంది, తిరుగు కరెంటులో కొంత కొత్త లైను న్యూట్రల్ గుండా పోతుంది. 40 వాట్ల ట్యూబ్‌లైటు లాగేది కనీసం 170 మిల్లీ యాంపులు. అందులో ఐదో వంతు దారి తప్పినా 30 దాటుతుంది. ఆర్‌సీసీబీకి అది లీకుగానే కనిపిస్తుంది. ఆ ముక్క కత్తిరించి, రెండు న్యూట్రళ్లను విడిగా మూసేసరికి బాధ పోయింది.

పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ "ఊరికే పడుతుంది" అని తీసేయించిన వాళ్లు మాకు తెలిసిన వాళ్లలోనే ఉన్నారు. అది ఊరికే పడదు. లైనుకొక న్యూట్రల్ ఉండాలి, ఒక ఆర్‌సీసీబీ కింది న్యూట్రల్ ఇంకో దానితో ఎక్కడా కలవకూడదు. ఈ ఒక్క సంగతి చూస్తే సగం ఫిర్యాదులు తీరతాయి.

నిండు లోడుతో పరీక్ష

ఆదివారం సాయంత్రం లెక్క నిజంగానే పెట్టి చూశాం. ఓటీజీలో కేకు, మైక్రోవేవ్‌లో నీళ్లు, ఇండక్షన్ మీద పెద్ద గిన్నె. క్లాంపు మీటరు (వైరును కొరకకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఫేజు వైరు ఒక్కదాని చుట్టూ పెట్టాలి. ఫేజు, న్యూట్రల్ రెంటినీ కలిపి పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఓటీజీ, మైక్రోవేవ్ లైనులో 12.1 వచ్చింది. ఇండక్షన్ లైనులో 8.6. మొత్తం లైనులో 22 పైచిలుకు. కాగితం లెక్కకు దగ్గరగా వచ్చినందుకు నాకు చాలా సంతోషమైంది.

ముప్పావు గంట నడిపాక ఆపి, ప్లగ్గులు పీకి పిన్నులు ముట్టి చూశాం. గోరువెచ్చగా ఉన్నాయి. పట్టుకోలేనంత వేడి ఉంటే సాకెట్టు లోపలి పట్టు వదులైందని, లేదా స్క్రూ బిగువు చాలలేదని అర్థం. తర్వాత ఆర్‌సీసీబీల మీది టెస్ట్ బటన్ నొక్కాం. రెండూ పడ్డాయి. ఆ బటన్ నెలకోసారి నొక్కాలి. నొక్కినా పడకపోతే ఆ పెట్టె ఉన్నా లేనట్టే.

వాన పట్టిన వారం

జూలైలో ముసురు పట్టింది. చాలా రోజులకు ఓటీజీ పెట్టగానే ఆర్‌సీసీబీ పడింది. వేరే సాకెట్టులో పెట్టినా అంతే, మిగతా వస్తువులకు ఏమీ కాదు. అంటే వైరింగ్ బాగానే ఉంది, ఓటీజీలోనే ఉంది కథ. హీటింగ్ రాడ్డు లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. రాడ్డు చివర మూత సడలితే ఆ పొడి గాలిలోని తేమ పీల్చుకుంటుంది, అప్పుడు తీగ నుంచి పై గొట్టానికి కరెంటు కారుతుంది. రిపేరు షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసి కింది రాడ్డు మార్చారు.

ఇలాంటప్పుడు ప్లగ్గులో పొడుగు పిన్ను తీసేసి వాడుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎర్త్ పిన్ను తీస్తే ఆర్‌సీసీబీ పడడం ఆగుతుంది, నిజమే. లీకవుతున్న కరెంటు మాత్రం ఎక్కడికీ పోదు. ఓటీజీ తలుపు తీయబోయే చేయి కోసం డబ్బా మీదే ఉంటుంది. మా ఇంట్లో పాపకు కూడా ఈ సంగతి విడమరచి చెప్పాం. ప్లగ్గుకు మూడు పిన్నులుంటేనే వాడుతుంది.

ఇప్పటి స్థితి

స్క్రూలన్నీ మరోసారి బిగించాడు తమ్ముడు. మెత్తటి వైరు పోగులు కొంతకాలానికి సర్దుకుని బిగువు తగ్గుతుంది, కొత్త వైరింగ్ అయిన నెలకు ఈ పని తప్పక చేయించాలి. మెయిన్ ఆపాకే. రెండు చోట్ల పావు చుట్టు తిరిగాయి.

డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ లైనుదో తెలుగులో రాసి అంటించాను. అత్తమ్మే చదివి, ఏది ఎక్కడ ఆపాలో ఇప్పుడు నాకంటే ముందు చెబుతుంది. కింద పెద్దక్షరాల్లో ఒక మాట: "ట్రిప్ అయితే ఒక వస్తువు తీయండి, ఎంసీబీ మార్చకండి." కరెంటు కంప్లైంట్ల నంబరు 1912 కూడా అక్కడే.

అదనపు లోడు మంజూరైంది, మీటరు మారాల్సి ఉంది. అది అయ్యాక గీజరుకు విడిగా 4 స్క్వేర్ ఎంఎం లైను, బోరు మోటారు పాత వైరు మార్పు. మిగిలిన కాయిల్ గీజరు దాకా సరిపోతుందని కొలిచి పెట్టుకున్నాను. మోటారుకు మాత్రం కొత్తది కొనాలి.